కన్నంలో కాపురం

"చూడమ్మా, చూడు! పక్షికున్నపాటి బుద్ధి మనకి లేకపోతే ఎలా?" అంది అత్తగారు, వంటింటి గోడకేసి గరిటె చూపిస్తూ.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ కోసం కొట్టిన కన్నంలో పావురాల జంట కాపురం పెట్టింది. నాలుగు పుల్లలు, ఓ కరెంటు తీగ ముక్క, కొడుకు కత్తిరించి పారేసిన గుడ్డపేలికలు. అదే వాటి మేడ. ఫ్యానేమో అట్టపెట్టెలోనే మూలుగుతోంది.

కోడలు బస్సు కండక్టరు. పురిటి సెలవు అయిపోవచ్చింది, వచ్చే నెల డ్యూటీ ఎక్కాలి. మొగుడు ఇంట్లోనే మిషను కుడతాడు. "చంటిదాన్ని నేను చూసుకుంటాలే" అన్నాడు. అత్తగారికి మింగుడుపడనిది సరిగ్గా అదే. నేరుగా అంటే గొడవవుతుందని పావురాల మీద పెట్టి అంటోంది.

వాటిలో ఒకదాని రెక్కకి మెట్ల కమ్మీల ఆకుపచ్చ పెయింటు అంటుకుంది. ఎండెక్కింది మొదలు అదే గుడ్ల మీద కూర్చుంటుంది. రెండోది సాయంత్రం దాకా జాడ ఉండదు.

"ఆ పచ్చరెక్క తల్లి చోటు కదులుతుందేమో చూడు, మహా ఇల్లాలు! దాని మొగుడున్నాడే, వాడు ఊరంతా తిరిగొచ్చి, పొద్దుగూకేసరికి దాన్ని లేవగొట్టి తను పడకేస్తాడు. అయినా కిక్కురుమనదు."

"పాపం, వాడికీ ఏదో డ్యూటీ ఉంటుందేమో అత్తయ్యా" అంది కోడలు, చంటిదాని మూతి తుడుస్తూ.

మిషను దగ్గర కొడుకు దగ్గాడు. అది దగ్గో నవ్వో తెలియలేదు.

"నువ్వు దగ్గకురా! ఇదిగో అమ్మాయ్, ఒక్కటే మాట. ఆ గూట్లో తల్లి ఎలా చేస్తే ఈ ఇంట్లో తల్లీ అలాగే చెయ్యాలి. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకున్నా. మళ్ళీ మీరు మాట మార్చకూడదు."

"నేనా? మార్చడమా?"

పిల్లలకి రెక్కలొచ్చి ఎగిరిపోయాయి. తెల్లారితే డ్యూటీ అనగా, సాయంత్రం కోడలు ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే కన్నంలో మళ్ళీ కువకువలు మొదలయ్యాయి.

"ఆ ఇస్త్రీ ఆపి ఇటు రా! తల్లి మళ్ళీ గుడ్లకొచ్చింది. కళ్ళారా చూసి నేర్చుకో" అంటూ అత్తగారు కోడల్ని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. వెనకే కొడుకూ వచ్చాడు, చంటిదాన్ని భుజాన వేసుకుని.

అందరూ తలలెత్తి చూస్తుండగానే, పచ్చరెక్కది ముక్కున పుల్ల కరుచుకుని ఓ పక్కకి ఒదిగి నిలబడితే, ఊరంతా తిరిగొచ్చిన ఆ మొగుడు మహారాజు గూట్లో సర్దుకుని కూర్చుని, తోక కాస్త పైకెత్తి, తెల్లటి గుడ్డు పెట్టాడు.