కంపు బాబాయ్

గాలిగొట్టం బిగించడానికి మెకానిక్ చెయ్యెత్తగానే పైలట్‌కి గుప్పున కంపు కొట్టింది. తింటున్న పొట్లం పక్కన పడేసింది.

"బాబాయ్, నీకో దండం! నేను తినేదాకా ఆగు."

"అలాగేనమ్మా." అతను నవ్వుతూ గోడవారకి జరిగాడు. ఆ గదిలో ఎంత జరిగినా ఆరడుగులే.

ముగ్గురు ఆడవాళ్లు, ముగ్గురు మగవాళ్లు. షెడ్డులో కట్టిన ఉత్తుత్తి అంతరిక్ష నౌకలో ఎనిమిది నెలలు తలుపులు మూసుకుని బతకాలి. నెగ్గినవాళ్లే నిజంగా పైకి వెళతారు. తాగడానికి, ఒళ్లు తుడుచుకోవడానికి నీళ్లు కొలిచి ఇస్తారు. ఎవరి మూత్రం వాళ్లు సంచిలో పట్టి ఇస్తే, యంత్రంలో పోసి మళ్లీ మంచినీళ్లు చేసేది మెకానికే.

మూడు నెలలుగా అతని ఒంటికి నీళ్లు తగిలినట్టే లేదు. మెడ మీద మట్టి చారలు, చంకల్లో పులిసిన కంపు. ఛీ, మనిషన్నాక సిగ్గుండొద్దూ అని పైలట్ ఏవగించుకునేది. 'కంపు బాబాయ్' అని పేరు పెట్టింది కూడా ఆమే.

అసలే ఆమె బాధలో ఆమె ఉంది. మూత్రానికి వెళితే మంట. మగవాళ్ల మధ్య నోరు విప్పలేక పళ్లబిగువున భరిస్తుంటే, డాక్టరమ్మే పక్కకి పిలిచి మాత్రలిచ్చింది. రోజూ ఓ సీసా నీళ్లు కూడా ఎక్కువిచ్చేది.

"రోగుల కోసం దాచినవిలే, తాగు."

ఓ రోజు తెర మీద ప్రశ్న వచ్చింది: ఎవరితో కలిసి ప్రయాణం చేయలేరు?

ముగ్గురు ఒకరినే చూపిస్తే ఆ మనిషి ఇక ఇంటికే. పైలట్ ఇంకో ఇద్దరిని కూడగట్టి మరీ మెకానిక్ పేరు మీద మీట నొక్కింది.

"పన్నెండేళ్లుగా ఈ ప్రయాణం కోసమే ఎదురుచూస్తున్నాడే!" అంది డాక్టరమ్మ, విషయం తెలిసి.

"అయితే ఒళ్లు కడుక్కోవాల్సింది."

మెకానిక్ బట్టలు సర్దుకున్నాడు. "యంత్రం జాగ్రత్తమ్మా," అన్నాడు తలుపు దగ్గర. ఆమె ముక్కు మూసుకునే తలూపింది.

మర్నాడు డాక్టరమ్మ మాత్రలు మాత్రమే తెచ్చింది.

"నీళ్లేవక్కా?"

"ఇక లేవు."

"రోగుల వాటా అయిపోయిందా?"

"అలాంటి వాటా ఎప్పుడూ లేదు పిల్లా. నీ సంచి చూసి రోగం కనిపెట్టింది బాబాయే. పైవాళ్లు చూసే చిట్టాలో రాస్తే నిన్ను ఇంటికి పంపేస్తారని, నాకొక్కదానికే చెప్పి ఒట్టు వేయించుకున్నాడు. ఇన్నాళ్లూ నువ్వు ఎక్కువ తాగినవి, అతను ఒళ్లు తుడుచుకోవాల్సిన నీళ్లు."