గుండ్రటి అక్షరాలు

“ఇది ‘క’ అక్షరమా, కుక్క తోకా?” అంది వదిన.

అతను నవ్వబోయాడు. నవ్వలేక పుస్తకం మీదికి వంగాడు.

“మళ్లీ రాయి. తలకట్టు అక్షరానికి అంటుకుని ఉండాలి మరిదీ. నీవన్నీ గాలివానకి లేచిపోయిన రేకుల్లా ఉన్నాయి.”

చిన్నపిల్లల బడిలో టీచరు ఆవిడ. పిల్లలు రాసుకునే నాలుగు గీతల పుస్తకంలో, మీసాలొచ్చిన మనిషి ఆమె ముందు కూర్చుని అక్షరాలు దిద్దుతున్నాడు. “సూపర్‌వైజరు పోస్టుకి పరీక్ష పెడతారట వదినా, నా రాత చూస్తే తరిమేస్తారు” అని చెప్పి చేరాడు. శుద్ధ అబద్ధం. ఆవిడ ఎందుకు, ఏమిటి అని అడగలేదు. చాప పరిచి కూర్చోమంది.

నిజమేమిటంటే, గోడ మీద రాసింది అతనే.

అతను పనిచేసేది పెద్ద లాండ్రీలో. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు అన్నీ అక్కడికే వస్తాయి. ఇస్త్రీ హాల్లో ఆవిరి బయటికి లాగే ఫ్యాను చెడిపోయింది. బాగుచేయించమని అడిగి అడిగి అందరి నోళ్లూ నొప్పి పుట్టాయి. ఒకరోజు ఒకావిడ కళ్లు తిరిగి వేడి రోలరు మీదికి తూలింది. చెయ్యి కాలింది. మేనేజరు వచ్చి చూశాడు. “పొద్దున్నే ఏమైనా తిని రావాలమ్మా” అన్నాడు. తన ఏసీ గదిలోకి పోయి తలుపేసుకున్నాడు.

మర్నాడు భోజనాల వేళ, మేడ మీద మేనేజరు గది ముందు తెల్లటి గోడ మీద జానెడేసి అక్షరాలు వెలిశాయి. ‘నీకు ఏసీ, మాకు ఆవిరా?’

దుప్పట్లకు గుర్తులు వేసే ఇంకుతో రాశాడు. ఎన్ని ఉతుకులు ఉతికినా పోని ఇంకు. లోకం మరకలన్నీ వదలగొట్టే లాండ్రీ, సొంత గోడ మీద మరకని వదలగొట్టుకోలేకపోయింది. హాలు హాలంతా కడుపు పట్టుకుని నవ్వింది.

ఆ నవ్వు సాయంత్రం దాకా నిలవలేదు. రాసిన వెంటనే అతను వెనక మెట్ల మీదుగా జారుకున్నాడు. ముందు మెట్ల కింద వాచ్‌మన్‌కి దొరికింది పొడుగన్న.

అన్నంటే తోడబుట్టినవాడు కాదు. పనిలో చేరిన కొత్తలో రోలరులో వేళ్లు పోకుండా దుప్పటి ఎలా అందించాలో నేర్పినవాడు. ఈ వదిన మొగుడు. “బీడీ కాల్చుకుందామని వచ్చా” అన్నాడు. ఎవరు నమ్ముతారు? ఆ పూటే సస్పెండ్ చేశారు.

ఖర్మ కాకపోతే, బీడీ కాల్చుకోడానికి ఆ మెట్లే దొరకాలా?

పొడుగన్న చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. గోడ మీది రాతకీ దానికీ పోలికే లేదు. “కావాలనే వంకరగా రాశాడు” అన్నాడు మేనేజరు. అయినా ఎంక్వైరీ అన్నాక ఒక తంతు ఉండాలి కదా. సోమవారం అందరూ ఆఫీసులో కూర్చుని చెప్పింది రాసి చూపించాలి. ఎవడి రాత గోడ రాతతో కలిస్తే వాడి ఉద్యోగం ఊడుతుంది. ఎవరిదీ కలవకపోతే నేరం పొడుగన్న మీదే వేసి కేసు మూసేస్తారు.

అంటే తను ఒక్కో అక్షరం గుండ్రంగా తిప్పుతున్నకొద్దీ అన్న ఉద్యోగం చేతికందకుండా పోతోంది. ఆ తిప్పడం నేర్పుతున్నది అన్న పెళ్లాం. ఇంతకన్నా నీచం ఇంకేముంటుంది? ఒప్పేసుకుందామని రోజూ బయలుదేరతాడు. దారిలో ఇంట్లో ఉన్న నెలల పిల్ల గుర్తొస్తుంది. వచ్చి చాప మీద కూర్చుని పెన్ను తీస్తాడు. గోడ మీద అంత పౌరుషం ఒలకబోసినవాడు, మనిషి ఎదురుగా ఉంటే నోరు పెగల్చలేకపోయాడు.

“ఏరా, ఇంకా ‘వ’ దగ్గరే ఉన్నావా?” పొడుగన్న వంటింట్లోంచి టీ గ్లాసులు పట్టుకొచ్చాడు. భుజం మీద మసిగుడ్డ.

“మీ అన్న ఇంటిపట్టున ఉన్నప్పట్నించీ నా ప్రాణం హాయిగా ఉంది మరిదీ. టీలో పంచదార ఒక్కటే మర్చిపోతున్నాడు.”

“మర్చిపోలేదే, మానేశా. నీ మాటల్లో ఉన్న తీపి చాల్లే.”

మొగుడూ పెళ్లాం నవ్వుకున్నారు. అతనికి గ్లాసు వేడి కూడా తెలియలేదు. నిన్నటిదాకా మూల ఉన్న కుట్టుమిషను ఇవాళ లేదు. నేల మీద దాని కాళ్ల గుర్తులు మాత్రం ఉన్నాయి. ఏమైందని అడగలేదు. అడిగే మొహం ఎక్కడుంది?

ఆదివారం ఆఖరి పాఠం. పొడుగన్న కూరల కోసం బజారుకెళ్లాడు. వదిన పేపర్లోంచి ఏదో వార్త చదివింది. అతను రాశాడు. అక్షరాలు బుద్ధిగా, వరసలో నిలబడ్డ బడిపిల్లల్లా వచ్చాయి. వదిన కాగితాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

“ఇది నీ రాతంటే నిన్ను కన్నతల్లి కూడా నమ్మదు.”

ఆ మెచ్చుకోలు చెంపదెబ్బలా తగిలింది. అతను పెన్ను విసిరికొట్టాడు.

“వదినా, నేను రేపు నా పాత రాతే రాస్తా. సూపర్‌వైజరు పోస్టూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆ గోడ మీద...”

“చాల్లే ఊరుకో. పిచ్చివేషాలేస్తే ఇద్దరూ పోతారు. రేపు ఇలాగే రాసి రా.”

వదిన పెన్ను ఏరుకొచ్చి అతని వేళ్ల మధ్య మళ్లీ ఇరికించింది.

“నువ్వు గోడ మీద రాస్తున్నంతసేపూ పైకి ఎవరూ రాకుండా మెట్ల దగ్గర కాపలా కాసింది మీ అన్నే.”