చప్పుడు లేని టైర్లు

"ఇవి వద్దండీ. పోయినేడాది తయారైనవి."

నేల మీద గొంతుక్కూర్చుని, టైరు అంచున అచ్చువేసిన నాలుగంకెల్ని వేలితో చూపించాడు జయంత్. ఉషశ్రీకి ఒళ్ళు మండింది. ఏలూరులో ఆ టైర్ల షాపు కౌంటర్లో ఆమెకిది ఆరో ఏడు. ఆ అంకెలు చదివి టైరు కొన్నవాణ్ణి ఇంతవరకూ చూడలేదు.

"ఆర్నెల్ల తేడాకి ఏమీ కాదు సార్."

"తెలుసండీ. అయినా కొత్తవి తెప్పించండి."

గోడౌన్‌కి ఫోన్ చేసింది. అప్పటికి రెండయింది. ఆయనా, ఆయన భార్యా వచ్చింది పన్నెండింటికి. బయట నల్లటి జర్మన్ కారు జాకీల మీద నిలబడి ఉంది. ఆవిడ ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో ఏదో ఫైలు పెట్టుకుని కూర్చుంది. ఈ రెండు గంటల్లో ఆయన ఆవిడ వైపు ఒక్కసారి తిరిగి చూస్తే ఒట్టు.

ఒక సెట్టు అప్పుడే బిగించి, విప్పేశారు కూడా. ఫిట్టర్ యేసుదాసు చేతులు తుడుచుకుంటూ కౌంటర్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"దెందులూరు దాకా నన్నే నడపమన్నాడమ్మా. తను పక్క సీట్లో కూర్చుని ఏసీ కట్టేసి, పాటలు కట్టేసి, కళ్ళు మూసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు 'హోరుంది, మార్చండి' అన్నాడు. ఈగ ఎగిరినా వినపడేలా ఉంది బండి. హోరెక్కడిదీ!"

"డబ్బున్నవాళ్ళ చెవులు వేరుగా ఉంటాయి యేసుదాసు గారూ."

జయంత్ లేచి వచ్చాడు. ఉషశ్రీ మొహాన నవ్వు తెచ్చుకుంది.

"అసలు మీకెలాంటివి కావాలి సార్?"

"చప్పుడుండకూడదు. ఎండకీ వానకీ ఒక్కలాగే పనిచెయ్యాలి. రోజూ తాడేపల్లిగూడెం వెళ్ళిరావాలండీ, ఆదివారాలు కొల్లేటి వైపు. తడిసిన గట్టు మీద జారకూడదు. హోరు ఎక్కువైతే తలనొప్పి పట్టుకుంటుంది, ఇక రెండ్రోజులు మంచం దిగడం ఉండదు."

ఆరడుగుల మనిషికి ఎంత సుకుమారమో, అనుకుంది ఉషశ్రీ.

"పంచరైతే?" అన్నాడు మళ్ళీ.

"స్టెప్నీ ఉందిగా సార్."

"మార్చుకోవడం రాకపోతే?"

చేతికి మట్టంటుతుందని కాబోలు! ఉషశ్రీ వాళ్ళ బావా ఇంతే. బైకుకి షాంపూ పెట్టి తల స్నానం చేయించినట్టు కడుగుతాడు. అక్కకి జ్వరమొస్తే వీధి చివరికెళ్ళి మాత్ర తేవడానికి మాత్రం కాళ్ళు రావు. ఈ మగవాళ్ళకి ఇనుమూ రబ్బరూ మీదున్న ప్రేమ ప్రాణమున్న మనిషి మీదుండదు.

మంచినీళ్ళ గ్లాసు తీసుకుని ఆవిడ దగ్గరికెళ్ళింది.

"విసుగనిపించడం లేదా మేడమ్?"

"అనిపించి చాలా కాలమైందండీ," అంది ఆవిడ నీళ్ళు తాగుతూ. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

అక్కడితో ఉషశ్రీకి ఓపిక చచ్చింది. ఓనరు హనుమంతరావు ఊళ్ళో లేడన్న ధైర్యం కూడా ఉంది. తిన్నగా జయంత్ దగ్గరికెళ్ళింది.

"సార్, ఏమీ అనుకోకండి. టైర్లని రెండు గంటల నుంచీ తడిమి చూస్తున్నారు. మేడమ్ ఏమైనా తిన్నారో లేదో ఒక్కసారి అడిగారా?"

ఆయన మొహం పాలిపోయింది. కోప్పడతాడనుకుంది. కోప్పడలేదు.

"నేనడిగితే తినదండీ. మీరడగండి." మళ్ళీ తనే, "పెరుగన్నం చెప్పండి. మిరపకాయ లేకుండా," అన్నాడు.

ఏం తినాలో కూడా ఈయనే చెప్పాలి! ఎదుటి హోటల్ నుంచి పెరుగన్నం తెప్పించి తనే ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ పొట్లం విప్పి మొత్తం తినేసింది. అది చూశాక ఉషశ్రీకి ఆయన మీద అసహ్యం రెట్టింపయింది.

గోడౌన్ నుంచి కొత్త టైర్లొచ్చాయి. చప్పుడు పీల్చుకోడానికి లోపల స్పాంజి పొర అంటించిన రకం. షాపులో అన్నిటికన్నా ఖరీదైనవి. జయంత్ ధర అడగలేదు. నాలుగింటి మీదా అంకెలు చదివాడు. వేళ్ళతో టైరు మీది గాడులు తడిమి, వాననీళ్ళు ఎటు పోతాయో యేసుదాసుని అడిగి చెప్పించుకున్నాడు. బిగించాక మళ్ళీ దెందులూరు వెళ్ళారు. వచ్చేసరికి నాలుగయింది.

"ఇవి బాగున్నాయండీ," అన్నాడు దిగుతూ. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

టైర్లకి కూడా కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషి! ఉషశ్రీ వారంటీ కార్డు ముందుకి లాక్కుంది.

"పేరు చెప్పండి సార్."

"గీతాంజలి అని రాయండి. ఫోన్ నంబరు కూడా ఆవిడదే. దారిలో బండి ఆగితే మనిషిని పంపే నంబరుంటుంది కదా, అది కార్డు మీద పెద్దక్షరాలతో రాయండి."

ఆ గొడవ కూడా ఆ ఇల్లాలి నెత్తినే పెట్టాడు. పళ్ళు బిగించి రాసింది ఉషశ్రీ.

ఆయన బిల్లు కట్టి, కారు తాళం కౌంటర్ మీద పెట్టాడు.

"గాలి ముప్పై మూడుండాలి. పదిహేను రోజులకోసారి చూపించుకోవాలి," అన్నాడు నేల చూస్తూ. ఎవరితో అన్నాడో తెలియలేదు. మెట్లు దిగి, కారు దాటి, రోడ్డు మీద వెళ్తున్న ఆటో ఆపి ఎక్కేశాడు.

ఉషశ్రీ నోరు తెరుచుకుని చూసింది.

"అదేంటి మేడమ్! మిమ్మల్ని వదిలేసి సార్ ఆటోలో వెళ్ళిపోయారేంటి?"

గీతాంజలి తాళం అందుకుంది. ఆటో మలుపు తిరిగేదాకా అటే చూసింది.

"ఇక ఈ బండిలో రోజూ తాడేపల్లిగూడెం వెళ్ళేది నేనండీ. ఇవాళ పొద్దున్నే మాకు విడాకులొచ్చాయి."