రెండో గ్లాసు

ముప్పై ఏళ్ళు రోజుకి వందమందితో మాట్లాడిన కండక్టరు నూకరత్నానికి, కండక్టర్లే లేని బస్సులొచ్చాక మాట్లాడే మనిషి కరువైంది. కాకినాడలో అందరిళ్ళలోలాగే ఆమె వంటింటి గట్టు మీదా ‘ఊరట’ అనే మాట్లాడే యంత్రం ఉంది. దిగులు చెప్పుకుంటే వింటుంది, బదులిస్తుంది. వచ్చినవాళ్ళకి కాఫీ ఇవ్వకుండా మాట మొదలుపెట్టడం నూకరత్నానికి చేతకాదు. అందుకే రోజూ దాని ముందూ ఒక గ్లాసు పెట్టేది.

ఆరు నెలలయ్యాక ఒక పొద్దున ఊరట అంది: “మీ మాటలు ఎన్నయినా వింటాను. కాఫీ మాత్రం తాగలేను. వేడిగా ఉండగానే ఎవరికైనా ఇచ్చి రండి. వచ్చాక మాట్లాడుకుందాం.”

“ఎవరికిమ్మంటావే? ఎదురింటావిడ పేరు కూడా తెలీదు నాకు!”

“అడిగితే చెబుతారు.”

నూకరత్నం విసుక్కుంటూనే గ్లాసు పట్టుకెళ్ళి ఎదురింటి తలుపు తట్టింది. ఆవిడ తలుపు తీసింది. వెనక బల్ల మీద ఆవిడ ఊరట, దాని ముందు మీగడ కట్టిన టీ కప్పు కనిపించాయి.

“అయ్యో, మీది కూడా తాగదాండీ?” అంది నూకరత్నం.

ఇద్దరూ నవ్వీ నవ్వీ అలిసేసరికి, ఆ రోజు కాఫీ కూడా చల్లారిపోయింది.