సిఫారసు

"బావగారూ, తలుపు తీయండి! నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేశాయి!"

మేస్త్రీ తలుపు ఓరగా తీశాడు. మెట్ల కింద నీళ్లలో మరదలు, ఆమె వెనక బైబిలు నెత్తిన పెట్టుకున్న పాస్టరు, మూటాముల్లెలతో సంఘమంతా. భార్యను పాతిపెట్టిన నాటి నుంచి అతను చర్చి మొహం చూడలేదు, ఎవరినీ గడప తొక్కనివ్వలేదు.

"ఏంటీ దండయాత్ర?"

"పొద్దున్నుంచీ ప్రార్థించాం," అన్నాడు పాస్టరు. "దేవుడు మీ మేడను ఆశ్రయంగా చూపించాడు."

"వీధి మొత్తానికి మేడ ఇదొక్కటే. ఇది కనబడ్డానికి దేవుడెందుకయ్యా? కళ్లు చాలవూ?"

పాస్టరు బైబిలు వాక్యం అందుకోబోతే మరదలు మోచేత్తో పొడిచింది.

"మేడ మాకూ కనబడింది బావగారూ. మిమ్మల్ని అడిగే ధైర్యం ఇమ్మని ప్రార్థించాం. అందుకే ఇంతసేపు."

"నన్నడగడానికి దేవుడి సిఫారసా?"

"ఏం చేయమంటారు? ఇదివరకు మీతో పనిపడితే అక్కకు చెప్పుకునేవాళ్లం."

మేస్త్రీ తలుపు బార్లా తెరిచాడు.

"కాళ్లు కడుక్కుని రండి," అని కసిరాడు, మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డవాళ్లను.