పై అరలో చోటు

ఒక నిజం ఒప్పేసుకుంటా. మనుషులంటే నాకు అసహ్యం. అందరూ కాదు, అన్నివేళలా కాదు. వాళ్ళ చేతిలో చక్రాల పెట్టె, నెత్తి మీద లగేజ్ అర ఉన్నప్పుడు మాత్రమే.

ఇంజనీరింగ్ చదివిన పిల్ల సీట్ల మధ్య నిలబడి జనాల పెట్టెలు సర్దుతోందని మా అమ్మ చుట్టాలకి చెప్పుకోదు. "ఏదో విమానాల కంపెనీలే" అని మాట మార్చేస్తుంది.

ఆ రోజు నా పరిస్థితి ఇదీ. అందరూ ఎక్కాలి, పెట్టెలన్నీ పై అరల్లో పట్టాలి, టైముకి తలుపు పడాలి. అంతకుముందు రెండుసార్లు ఆలస్యమైంది. ఈసారీ అయితే ఉద్యోగం వెతుక్కోమని బాస్ మొహం మీదే చెప్పేశాడు.

మెడకి ఊపిరాడని స్కార్ఫ్ ఒకటి కట్టుకుని, గొంతు చించుకున్నా. "అందరికీ చోటుంది! పెట్టెల్ని పడుకోబెట్టకండి. పుస్తకాల్లా నిలబెట్టండి. పైన పట్టని పెట్టె కిందికి పోతుంది!"

ఆఖరి ముక్క ఒక్కటే విన్నారు.

ఒకాయన బూట్లతోనే సీటెక్కాడు. ఆయన చంక సరిగ్గా నా ముక్కు దగ్గరికొచ్చింది. ఆ వాసన గురించి రాయను. మీరు అన్నం తింటూ చదువుతుండొచ్చు.

ఒకావిడ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. "గుడ్లప్పగించి చూస్తావేంటి? కాలు అడ్డం పెట్టు!"

ఆయన పెట్టాడు. వెనకాల వస్తున్న పెద్దాయన తూలి, పడకుండా ఎవరిదో జడ పట్టుకున్నాడు. ఆ పిల్ల కెవ్వుమంది. పెద్దాయన సారీ చెప్పలేదు సరికదా, అందరూ అటు చూస్తుంటే ఇదే సందని తన పెట్టె పైకి తోసేశాడు.

మధ్య వరసలో ఒక కోటాయన. పెట్టె పైన పెట్టుకున్నాడు, బాగానే ఉంది. దాని పక్కన కోటు విప్పి పక్క పరిచినట్టు పరిచాడు.

"సార్, కోటు ఒళ్ళో పెట్టుకోండి."

"నలుగుతుంది."

"అక్కడ ఇంకో పెట్టె పడుతుంది సార్."

"ముందొచ్చినవాడిదే చోటు. ఆమాత్రం నేర్పలేదా నీకు?"

ఆయన వెనకాలే నీలం పెట్టెతో ఒక పిన్నిగారు. మొహం చూస్తే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించేలా ఉంది. ఆ పిన్నిగారు చెయ్యి పైకి చాపి, కోటు లాగి, నేల మీద పడేసి, దాన్ని తొక్కి నిలబడింది.

"ఏంటమ్మా ఇది! మనిషివేనా?"

"నీ గుడ్డపేలిక ముఖ్యమా, నా పెట్టె ముఖ్యమా? ఇందులో మందులున్నాయి నాయనా, గుండె మందులు!"

అబద్ధం. నాకు తెలుసు.

"నా దాంట్లో లాప్‌టాప్ ఉంది. గుద్ది పగలగొడితే మీ ఆయన కొనిస్తాడా?"

అదీ అబద్ధమే.

"మా ఆయన ఊసెత్తావంటే పళ్ళు రాలతాయి!"

అంటూనే ఆవిడ పెట్టె ఎత్తి లోపలికి కుక్కబోయింది. ఆయన అర తలుపు పట్టుకుని ధడాల్న మూశాడు. పెట్టె బయటే ఉండిపోయింది. ఆవిడ వేలు లోపల ఉండిపోయింది.

తలుపు తెరిచేసరికి గోరు ఊడి వేలాడుతోంది. కింద సీట్లో ఉన్నావిడ చెంప మీద రక్తం చుక్క పడింది. ఆవిడ దాన్ని తుడుచుకుని, నా చెయ్యి గోకి అడిగింది. "అమ్మాయ్, భోజనం ఎప్పుడు పెడతారు?"



"పిన్నిగారూ, పెట్టె వదలండి. వేలికి కట్టు కడతాను."

వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో పెట్టె పట్టుకునే ఉంది ఆవిడ. "ముందు దీన్ని పైన పెట్టు. వేలెక్కడికీ పోదు."

మిగతావన్నీ ఎలాగో పైకెక్కాయి. ఆ నీలం పెట్టె ఒక్కటే మిగిలింది. దానికీ చోటుంది. ఆ చోటుకి కోటాయన రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు. చేతులు తియ్యమని బతిమాలాను. తియ్యలేదు.

చెవిలో బాస్ గొంతు. "టైమైపోయింది. అందర్నీ దించెయ్."

"సార్, ఇంకొక్క పెట్టె. ఒక్కటే ఒక్కటి! తప్పు అరలది కాదు సార్, మనుషులది."

"ఎక్కేది ఆ మనుషులే కదమ్మా. దించెయ్. నీ బల్ల కూడా ఖాళీ చేసుకో."

మైకులో చెప్పాను.  ఇప్పుడు నన్ను పీక్కు తింటారనుకున్నా.

అందరూ ఆవులించుకుంటూ లేచారు. కోటాయన కోటు దులిపి భుజాన వేసుకుని, "ముందు మీరు నడవండమ్మా, వేలు జాగ్రత్త" అని దారిచ్చాడు. "ఫరవాలేదు బాబూ" అని పిన్నిగారు నవ్వింది కూడా. పైన పెట్టెలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నీలం పెట్టె సీట్ల మధ్య బోర్లా పడి ఉంది. ఒక్కరంటే ఒక్కరు వెనక్కి తిరిగి చూడలేదు.

మీకూ ఇలాంటి విమానం కథ ఒకటి ఉండే ఉంటుంది, రాసి పంపండి, కాకపోతే మీ విమానానికి రెక్కలుండి ఉంటాయి. మాది నేను డిజైన్ చేసిన కొత్త అరల్ని పరీక్షించడానికి గోదాములో నిలబెట్టిన ఉత్త డొల్ల, ఆ పెట్టెలన్నీ పొద్దున నేనే పాత పేపర్లు కుక్కి, ప్రయాణికుల్లా నటించడానికి పిలిచిన ఆ జనం చేతికి గుమ్మం దగ్గర ఇచ్చినవి.