యంత్రం వదిలిన తప్పు

ప్రోగ్రామింగ్ భాషకు కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా దాని వివరపత్రాన్ని మనిషే దిద్దాలని చట్టం. రాసేది మాత్రం యంత్రమే. దిద్దేవాళ్ల ఉద్యోగాలు పోకుండా అదే దయతలిచి రోజుకో చిన్న తప్పు వదిలిపెడుతుంది. అది పట్టుకుంటేనే హాజరు.

ఆ ఉదయం ఇంట్లో కూర్చుని దిద్దుతున్న హైమావతి ఏడో పేజీ దగ్గర ఆగింది. "పాత ఆదేశాలు ఇంకో ఏడాది పనిచేస్తాయని రాశావు. ఈరోజే తీసేస్తున్నావు కదా. ఊళ్లో కుళాయిలన్నీ వాటిమీదే నడుస్తున్నాయి."

"అది నేను పెట్టిన తప్పు కాదండీ," అంది యంత్రం మర్యాదగా. "ఇంకోసారి చూడండి."

హైమావతి మూడుసార్లు వాదించి, విసుగొచ్చి, పన్నెండో పేజీలో ఒక తేదీ సరిచేసింది.

"భేష్. హాజరు పడిందండీ."

బాత్రూములోంచి భర్త కేకేశాడు. "ఏమోయ్, ఒళ్లంతా సబ్బు. నీళ్లాగిపోయాయి."

"ఇంకో ఏడాది దాకా ఆగవండీ," అంది హైమావతి. "కాగితంలో అలాగే ఉంది."